మబ్బు గారు

"చెయ్యి తియ్యి! దాన్ని ముట్టొద్దు!"

రచన అరుపుకి ముసలాయన ఉలిక్కిపడ్డాడు గానీ, చేతిలోని పెంకు జారలేదు.

మట్టిపెంకే. కాకపోతే రెండు వేల ఏళ్ళ నాటిది. పాలమూరు వైపు తవ్వకాల్లో దొరికింది. వెనకవైపు 'నలభై ఒకటి' అని తెల్ల ఇంకుతో నంబరు వేసి ఉంది.

"పెట్టెలు తెచ్చినవ్ కదా, అక్కడ దించి పో పెద్దాయనా. ఇవన్ని నీకెందుకు?"

పొద్దుటి నుంచీ రచన కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆఫీసు నారాయణగూడ నుంచి అశోక్‌నగర్‌కి మారుతోంది. లిఫ్టు చెడిపోయింది. చిక్కడపల్లి అడ్డా మీద నుంచి పిలుచుకొచ్చిన ముగ్గురు కూలీలు పెంకుల పెట్టెల్ని మూడో అంతస్తుకి మోస్తున్నారు. కింద కోచింగ్ సెంటర్లో ఎవరో మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నారు.

తవ్వకాల నివేదిక సాయంత్రం ఐదింటికి ప్రెస్సుకి వెళ్ళాలి. పెంకుని బట్టి అసలు పాత్ర ఆకారం తేల్చి గీసే బొమ్మలన్నీ అయిపోయాయి, ఈ నలభై ఒకటి తప్ప.

ఫోన్ మోగింది. పై అధికారి శ్రీపతి.

"నలభై ఒకటి ఏమైందమ్మా?"

"స్కానర్ పళ్ళెం అంటుంది సార్. నాకు నమ్మకం లేదు."

"జర జల్దీ తేల్చు. తప్పు బొమ్మ అచ్చయితే ఎనకొచ్చెటోళ్ళంత అదే తప్పును నమ్ముతరు. మబ్బు గారు దొరికిన్రా?"

"లేదు సార్."

మబ్బు గారంటే మనిషే. నలభై ఏళ్ళ కింద అదే చోట మొదటిసారి తవ్వినప్పుడు కుండల బొమ్మలు చేత్తో గీసినాయన. గీత అంటే అదీ! వెంట్రుకంత సన్నం, ఎక్కడా తడబాటు ఉండదు. పాత నివేదికలో 'బొమ్మలు: సిబ్బంది' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. కానీ ప్రతి బొమ్మ మూలనా బియ్యపు గింజంత మబ్బు గీసి ఉంటుంది.

ఆ గుర్తు పట్టుకుని రచన మూడు నెలలుగా వెతుకుతోంది. బర్కత్‌పుర నుంచి హైదర్‌గూడ దాకా రిటైరైన ఆర్టిస్టుల్నీ ప్రొఫెసర్లనీ ఎవర్నీ వదల్లేదు. ఎవరికీ తెలియదు. ఆయన పక్కన ఒక్క గంట కూర్చుని పని నేర్చుకుంటే చాలు, జన్మ ధన్యమని ఆమె ఆశ.

"అది పళ్ళెం కాదు బిడ్డా."

ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"నువ్వింకా పోలేదా?"

"దాన్ని అద్దం మీద బోర్లిచ్చి పెట్టు. మెల్లగ ముందుకు, ఎనకకు ఊపు. అంచు కింద వెలుతురు దూరొద్దు. యాడ వెలుతురు బంద్ అయితదో, కుండ గట్లనే నిలబడ్డట్టు. నాకు కండ్లు ఆనుతలెవ్వు. జర నువ్వు చూడు."

"ఇది జర్మనీ మిషన్ పెద్దాయనా! దీనికే తెల్వనిది అద్దం చెప్తదా? నేనే పరేషాన్‌ల ఉన్న. పో ఇగ."

ముసలాయన పసిగుడ్డును పడుకోబెట్టినట్టు పెంకుని బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గర ఆగి గాలి వాసన చూశాడు.

"మొగులైతాంది బిడ్డా. పెట్టెలు గోడ దిక్కు జరుపుకో. తడుస్తయ్."

రచన నానమ్మ కూడా మబ్బుని మొగులనే అనేది. బళ్ళో వేశాక రచన నోట్లో అది మబ్బయింది.

ఆమె తల ఎత్తలేదు. ముసలాయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నాలుగున్నర అయింది. మళ్ళీ మూడుసార్లు స్కాన్ చేసింది. మూడుసార్లూ పళ్ళెమే.

గదిలో ఎవరూ లేరని చూసుకుని, రచన పెంకుని బల్ల అద్దం మీద బోర్లించింది. వంగి, అద్దానికి సమంగా కన్ను పెట్టింది.

అంచు కింద వెలుతురు గీత. ముందుకు ఊపింది, గీత లావైంది. వెనక్కి ఊపింది. సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆరిపోయింది.

పెంకు నిలబడింది. పళ్ళెం కానే కాదు, మూతి ఇరుకు కుండ.

ఆ వాలు కొలిచి కంప్యూటర్‌కి ఇచ్చింది. ఐదుకి ఐదు నిమిషాలుండగా బొమ్మ ప్రెస్సుకి వెళ్ళింది. అప్పుడే కిటికీలోంచి జల్లు కొట్టింది. రచన ఆదరాబాదరాగా పెట్టెల్ని గోడవైపు జరిపింది.

ఆమెకి సంతోషం కన్నా ముందు సిగ్గేసింది. అంత మాటన్నది, పేరైనా అడగలేదు. ఒక్క పరుగున మూడంతస్తులూ దిగింది.

"అంజీ, ఆ ముసలి కూలీ ఏడి?"

"మొగిలయ్య తాతనా?" అన్నాడు వాచ్‌మన్ అంజి. "గప్పుడే పాయె అక్కా. కండ్లు కనిపిస్తలెవ్వు, ఇగ పట్నం రానన్నడు."

"ఏ ఊరు?"

"పాలమూరు దిక్కు అన్నడు. గంతే తెల్సు."

"ఫోన్ నంబర్?"

"ఆయనకు ఫోన్ యాడిది? చదువు గూడ రాదు. పొద్దుగాల గేటు రిజిస్టర్ల పేరు నేనే రాసిన. సంతకం పెట్టుమంటే ఏందో గీసిండు, చూడు."

అంజి రిజిస్టరు ఇటు తిప్పాడు.

మొగిలయ్య అన్న పేరు పక్కన, సంతకం గడిలో, వెంట్రుకంత సన్నటి గీతతో, ఎక్కడా తడబాటు లేకుండా, బియ్యపు గింజంత మబ్బు.