గుట్ట ఎక్కిన సాక్ష్యం

"గీన కుంటోడు కాదు మేడం, దొంగ! రోజు కసరత్తు చేస్తడు, గుట్ట ఎక్కుతడు. నమ్మకపోతే గిది చూడుండ్రి" అంటూ పరశురాం తన సెల్‌ఫోన్ తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు అది. అచ్చంపేట చుట్టుపక్కల పల్లెల వాళ్లంతా దవాఖాన వరండాలో టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. బల్ల ముందు స్టూలు మీదున్న బీరన్న ముఖం పాలిపోయింది. పోలియోతో సన్నబడిన కుడికాలికి ఆయన కట్టుకునే ఇనుప పట్టీల బూటు రెండుచోట్ల విరిగింది. సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి నెట్టుకొస్తున్నాడు. పాత సర్టిఫికెట్ గడువు తీరింది. కొత్తది చేతికొస్తేనే కొత్త బూటు ఇస్తారు. బూటు లేకపోతే గొర్రెల వెంట నడక లేదు.

పరశురాం బీరన్న వాళ్ల ఊరి పెద్దమనిషి. అంటే ఊరు అనలేదు, తనే అనుకున్నాడు. ఎవరింట్లో పొయ్యి వెలిగినా పొగ ఎందుకొచ్చిందని అడిగే రకం. చంకలో ఫైలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఆఫీసన్న చోటల్లా ఉంటాడు కాబట్టి ఇక్కడికెందుకొచ్చాడని కూడా ఎవరూ అడగలేదు.

"నీ నోట్ల మన్నువడ! నా పెనిమిటి కాలు నీకు కనవడ్తలేదా?" బీరన్న వెనకాల నిలబడ్డ సుక్కమ్మ అరిచింది.

"కనవడుతాంది సుక్కమ్మా. గుట్ట మీద గూడ కనవడ్డది" అని పరశురాం పళ్లికిలించాడు.

డాక్టరమ్మ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "నువ్వు చెప్పు బీరన్నా. పొద్దున లేచి ఏం చేస్తవ్?"

"కుడికాలు ఎట్లాగు సచ్చిందమ్మా. బరువంత ఎడమ మోకాలు మీదనే. అది అరిగిందన్నరు. పొద్దుగాల అస్సలు వంగది. సుక్కమ్మ ఇసుక ఏంచి మూట గట్టిస్తది, కాపడం పెట్టుకుంట. మంచం మీద కూసోని కాలు సాపి, పది లెక్కవెట్టి దించుత. గట్ల పదిసార్లు. అటెన్క గుట్ట మీదికి నడుస్త. నొప్పి లేసినప్పుడల్ల కూసుంట. రెండు దినాలు బందు వెడితె మోకాలు పట్టేస్తది. గప్పుడు ఇగ మంచమే."

"విన్నరా! ఆయన నోటితోనే ఒప్పుకున్నడు" పరశురాం బల్ల గుద్దాడు. "కుంటోడన్నంక ఇంట్ల ఒక మూలకు వడుండాలె. గీనకు కసరత్తులు కావాల్నా? రేపు కుస్తీ గూడ వడ్తడు. గిసొంటోళ్ల వల్లనే నిజమైన వికలాంగులకు అన్యాయం అయితాంది మేడం."

నిజమైన వికలాంగుల మీద ఆయనకంత ప్రేముందని ఆ వరండాలో ఉన్న వికలాంగులకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ వీడియో నొక్కింది. కర్ర ఆనించుకుంటూ బీరన్న గుట్ట ఎక్కుతున్నాడు. "అన్నలారా, చూడుండ్రి కుంటోని వేషాలు" అని పరశురాం గొంతు వెక్కిరిస్తోంది. ఆమె చివరిదాకా చూసింది.

"ఇది పాతదేమో?"

పరశురాంకి రోషం పొడుచుకొచ్చింది. "పాతదా! నిన్న పొద్దుటిది మేడం. మూడు రోజుల సంది గీన ఎంబడే తిరుగుతున్న. నిన్నయితే అడ్డదారిన ఉరికి, గీనకంటె ముందు గుట్టెక్కి, ఎదురుంగ నిలవడి తీసిన. దిగేటప్పుడు ఎనకకు నడుసుకుంట తీసిన. ఒక్కటి ఇడువలే!"

"ఫిర్యాదంటే కాగితం మీద ఉండాలె. రాసిస్తవా?"

"సంతకం గూడ వెడ్త."

పెట్టాడు. తారీఖు, టైము, గుట్ట పేరు, తను పరుగెత్తిన దారి, అన్నీ వివరంగా రాశాడు. ఒకరి మీద బురద చల్లేటప్పుడు ఆయన చేతిరాత ఎంత చక్కగా ఉంటుందో!

డాక్టరమ్మ ఆ కాగితాన్ని పక్కన పెట్టి బీరన్న ఎడమ మోకాలు పట్టుకుని వంచింది, చాపించింది. వాపు నొక్కి చూసింది. కుడికాలి పట్టీలు విప్పించి, టేపుతో కొలిచింది.

"పరశురాం, నీ వీడియోల ఈయన ఇరవై అడుగులకోసారి కూసున్నడు, చూసినవా? నొప్పి ముదరకముందే ఆగుతున్నడు. కాలు సాపుకుంటున్నడు, మళ్ల లేస్తున్నడు. నేను ప్రతి పేషెంటుకు చెప్పేది ఇదే. చేసేది ఈయనొక్కడే. కసరత్తు చేస్తే పోలియో పోదు. ఉన్న మోకాలు మిగులుతది, అంతే."

సర్టిఫికెట్ కాగితాల మీద ముద్ర పడింది. బూటుకు చీటీ కూడా రాసిచ్చింది. సుక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బీరన్న రెండు చేతులూ జోడించి, కర్ర అందుకుని మెల్లగా లేచాడు. ఆ మూడు రోజులు గుట్ట మీద తన వెనక వినిపించిన నవ్వు ఎవరిదో ఆయనకు తెలుసు. అయినా పరశురాం వైపు చూడలేదు. చూడదగ్గ మనిషని అనిపించలేదు.

"గీ రాజ్యంల దొంగలకే కాలం" అని పరశురాం మూతి తిప్పుకుని, పక్క బెంచీ మీద కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

అటెండర్ మల్లేష్ తరువాతి దరఖాస్తు తీసి, వరండా అంతా వినపడేలా చదివాడు. "టోకెన్ పదిహేడు! పరశురాం! రెండు మోకాళ్లు వంగవు, ఒకరు పట్టుకోకుంటే పది అడుగులు గూడ నడువలేడు... యాడున్నడయ్యా, ఎత్తుకొని రావాల్నా?"