ఎవరికీ చెప్పని అడ్రసు

“ఈమెయిల్ చెప్పండి సార్.”

“చెప్పను.”

“చెప్పకపోతే బిల్లు కదలదు సార్.”

“రెండు బల్బులు కొనుక్కోవడానికి నా జాతకమంతా విప్పాలా? చెప్పనంటే చెప్పను!”

శభాష్ అనుకున్నాడు తాళాలాయన, ఆ బట్టతల మనిషి వెనకాల వరసలో నిలబడి. మనిషంటే అలా ఉండాలి. తను ఎన్ని బీరువాల తాళాలు బాగుచేశాడో లెక్కలేదు. ఎవరింట్లో ఏముందో తెలిసినా ఏనాడూ పెదవి విప్పి ఎరగడు. అలాంటివాడికి నోటికి తాళం వేసుకున్న మనిషి కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది మరి.

కౌంటర్లో అమ్మాయి నిట్టూర్చింది. “మీ ఇష్టం సార్. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదు. మీరన్నదే కొట్టేస్తున్నా, చివర జీమెయిల్ తోక అదే తగిలించుకుంటుంది,” అని టకటకా ఏదో కొట్టింది. బల్బులాయన సంచీ ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

తాళాలాయన జేబులో ఫోను టింగుమంది.

“నీ దుంప తెగ!” అని పళ్ళు నూరాడు. ఆ టింగే కదూ తన కొంప ముంచింది!

నెల రోజులుగా ఇదే గోల. ఈ ఎర్ర గొడుగు గుర్తు దుకాణం గడప ఇవాళ్టిదాకా తొక్కలేదు. అయినా ఇక్కడి బిల్లులు, బొమ్మలతో సహా వచ్చి తన ఫోన్లో పడుతున్నాయి. కుక్క బిస్కెట్లు, పిల్లల ఉయ్యాల, పెయింటు డబ్బా. మొదట్లో మొగుడూ పెళ్ళాం కలిసి నవ్వుకున్నారు. పోయిన ఆదివారం మాత్రం గులాబీ రంగు ఆడవాళ్ళ చెప్పులు వచ్చాయి. ఎత్తు మడమవి. ఐదో నంబరు.

“నాది ఎనిమిది,” అంది భార్య, ఫోను ఆయన ముక్కు కింద పెట్టి.

“నాకేం తెలుసే!”

“మీకు తెలీకుండా మీ ఫోనుకెలా వస్తుంది? ఈ అడ్రసు ఏ మహాతల్లికి ఇచ్చారు?”

“ఒట్టు! ఇన్నేళ్ళలో ఒక్క పురుగుకి కూడా చెప్పలేదు.”

“చెప్పకుండానే వస్తాయా?”

“చెప్పకుండానే వస్తున్నాయే!”

ఆ మాటతో ఆవిడ పెట్టె సర్దుకుంది. ఆ టింగులు ఆగితేనే గడప తొక్కుతానని అక్కగారింట్లో కూర్చుంది. ముప్పై రెండేళ్ళ కాపురం! నాలుగు రోజులుగా తన చేతి వంట తానే తింటూ, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఒక్కటే తక్కువగా ఉంది ఆయన పరిస్థితి.

“అమ్మా, ఈమెయిల్?”

ఇప్పుడు కౌంటర్ ముందున్న నర్సు ఒక్కో అక్షరం నిదానంగా ఒప్పజెప్పింది. ఛీ ఛీ, ఇలాంటివాళ్ళ వల్లే వీళ్ళకి అలుసు, అనుకున్నాడు తాళాలాయన. జేబులో ఫోను ఎందుకో ఊరుకుంది.

తరవాత గొడుగు కొన్న పెద్దాయన.

“ఈమెయిల్?”

“చెప్పను.”

టకటక. టింగ్. ఇక తాళాలాయన వంతు వచ్చింది.

“నీకో దణ్ణం తల్లీ. నా అడ్రసు మీ కంప్యూటర్లోంచి తీసెయ్యి.”

“అలాగే బాబాయ్‌గారూ. చెప్పండి.”

“ఏమిటి చెప్పేది?”

“మీ అడ్రసే.”

“చెప్పను!”

అమ్మాయి నెత్తి కొట్టుకుంది. “చెప్పకపోతే ఏది తీసెయ్యాలండీ?”

“మీ దగ్గర ఉన్నదేగా, నన్నడుగుతావేం? చెబితే ఇంకో పదిచోట్ల రాసుకుంటారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం మీరు!”

“పొద్దున్నుంచీ నూట పది మందిని అడిగాను బాబాయ్‌గారూ. సగం మంది మీలాగే చెప్పనంటారు. నాకేమన్నా సరదానా? నిద్రలో మా అమ్మని కూడా ఈమెయిల్ అడుగుతున్నానట!”

“ఏంటయ్యా అక్కడ, తెమలరా?” అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

తాళాలాయన బింకం జారిపోయింది. “మా ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళిపోయిందమ్మా, మీ బిల్లుల దెబ్బకి,” అన్నాడు.

ఆ అమ్మాయి చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. “అయ్యో! పోనీ నోటితో చెప్పొద్దు. రాసి చూపించండి. తీసేసి, మీ కళ్ళ ముందే చింపేస్తాను.”

ఆయన వెనక వరస వంక అనుమానంగా చూశాడు. చివరికి పర్సు లోపలి అరలోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. ఆరేళ్ళ కిందట కొట్టు లైసెన్సుకి ఈమెయిల్ ఉండాలంటే నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. అక్కడాయన పేరేం పెట్టాలి, ఊరేం పెట్టాలి అని సవాలక్ష అడిగాడు. ఏ ఒక్కదానికీ తను లొంగలేదు. ఆయన విసుక్కుంటూనే ఎలాగో పని కానిచ్చి, ఫోన్లో పెట్టేసి, అడ్రసు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాడు. తనకా ఇంగ్లీషు రాదు. ఎవరిచేతనైనా చదివించుకుంటే ఇంక రహస్యమేముంది? అందుకే ఆ మడత మళ్ళీ విప్పలేదు.

“మనసులో చదువుకో,” అన్నాడు చీటీ అందిస్తూ.

అమ్మాయి మడత విప్పింది. చీటీని చూసింది. ఆయన్ని చూసింది. మెల్లగా తన కీబోర్డు వంక చూసుకుంది.

“ఏమైందమ్మా, అలా బిగుసుకుపోయావ్? పోనీ పైకే చదువు. ఏముంది అందులో?”

“చెప్పను,” అని చదివింది అమ్మాయి.