పేరు చెప్పకూడని డాక్టరు

హడావుడిలో ఇంట్లో చేతికందిన గొడుగుతో వచ్చిన లీగల్ హెడ్, దాన్ని గది మూలకు ఆనించి కుర్చీలో కూర్చున్నాడో లేదో, ఎదురుగా నిలబడ్డ మెడికల్ రెప్ నోరు తెరిచాడు.

"సార్, అసలా డాక్టరు ఎవరంటే..."

"పేరు చెప్పకు. విషయం తేలేదాకా పేర్లు వినకూడదని రూలు పెట్టిందే నేను. పేరు వింటే మొహమాటం మొదలవుతుంది."

ఆ మందుల కంపెనీలో ఆయన్ని చాటుగా రూళ్ళకర్ర అంటారు. డాక్టర్లకు కానుకలిచ్చి మందులు రాయించుకున్నవాడు ఎంతటివాడైనా సరే, ఆయన చేతికి చిక్కితే ఉద్యోగం ఊడినట్టే. ఈ రెప్ ఒక లేడీ డాక్టరుకు కానుక ఇచ్చాడనీ, ఆవిడతో సినిమాకు కూడా వెళ్ళాడనీ తోటి రెప్ ఎవరో ఉప్పందించారు.

"మా ఇంట్లోనూ ఉందయ్యా డాక్టరు. కంపెనీవాళ్ళ పెన్ను కూడా ముట్టుకోదు. అదీ పెంపకమంటే," అన్నాడాయన.

రెప్ తల దించుకున్నాడు.

ఆవిడ మన మందులు ఎన్ని రాసిందని ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు. పరిచయం కాకముందు అడపాదడపా రాసేదట. అయ్యాక బొత్తిగా మానేసిందట. కానుక కూడా తను సొంత డబ్బుతో కొన్నదేనన్నాడు రెప్.

"దానిమీద మన కంపెనీ గుర్తుందా?"

"లేదు సార్. పూలున్నాయి."

రూళ్ళకర్రకు నవ్వొచ్చింది. ఆ గదిలో ఆయన నవ్వడం ఎవరూ చూసి ఎరగరు.

"మరెందుకిచ్చినట్టు?"

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం సార్. వాళ్ళ నాన్నగారంటేనే భయం."

ఆయన మనసు కరిగింది. ప్రేమించినవాడి కంపెనీ మందు రాయని పిల్ల, ఉద్యోగం మీదికొచ్చినా అబద్ధమాడని కుర్రాడు. ఇలాంటి జంటను విడదీయడానికి ఏ తండ్రికి నోరొస్తుందని అనిపించింది. తప్పేమీ లేదని తేల్చి, అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

"ఆ పెద్దమనిషి కాదూ కూడదంటే నా దగ్గరికి పంపు. నేను గడ్డి పెడతాను. ఇప్పుడు చెప్పు, ఎవరా అమ్మాయి?"

రెప్ గది మూలకేసి చూశాడు.

"నేనిచ్చింది ఆ పూల గొడుగే సార్."