రాగి మామ, అల్యూమినియం అల్లుడు

“అల్లుడుగారూ, ఆ రేకుడబ్బా పక్కన పెట్టి కాస్త దారివ్వండి. నా రాగి గిన్నె లోపలికి రావాలి.”

“మీ గిన్నె మోసేసరికే మీకు ఆయాసం వచ్చింది మామయ్యగారూ! నాది చూడండి, చిటికెనవేలికి తగిలించుకుని వచ్చాను. పందెం సగం గుమ్మంలోనే తేలిపోయింది.”

ఆసుపత్రి కొత్త వంటగది గుమ్మంలో మామా అల్లుళ్లిద్దరూ ఒకేసారి దూరబోయి ఇరుక్కుపోయారు. అంత తోపులాటలోనూ ‘గారు’ మాత్రం ఎవరూ వదల్లేదు. వెనకాల నుంచి అమ్మాయి ఒక్క తోపు తోస్తే ఇద్దరూ లోపల పడ్డారు. ఆ అమ్మాయి ఒకరికి కూతురు, ఇంకొకరికి భార్య. పందెం పెట్టింది కూడా ఆవిడే. మామ రాగి గిన్నెలు కొడతాడు, అల్లుడు అల్యూమినియం గిన్నెలు చేస్తాడు, ఇద్దరికీ ఉన్నది ఒకటే షెడ్డు. ఈ వంటగదికి అరవై గిన్నెలు కావాలట. ఎవరి గిన్నెలో నీళ్లు ముందు మరిగితే ఆర్డరూ షెడ్డూ వాళ్లవి. ఓడినవాళ్లు తమ లోహాన్ని వదిలేసి, గెలిచినవాళ్ల దగ్గర పనివాళ్లుగా చేరాలి.

“ఇది వంటగదా, సంతా?” అంటూ పెద్ద వంటావిడ నడుం మీద చేతులేసుకుని ఎదురొచ్చింది. “సరే, చెప్పండి. ఎవరిది ఎందుకు గొప్ప?”

ఆవిడ అడగడమే ఆలస్యం, మామ అందుకున్నాడు. “వేడిని లాగడంలో రాగిని మించింది వెండి ఒక్కటేనమ్మా! అడుగున మంట పెడితే అంచుదాకా సమానంగా పాకుతుంది. ఒక మూల మాడి, ఒక మూల పచ్చిగా ఉండడం దీనికి తెలీదు.”

“చిలుము సంగతి చెప్పరేం మామయ్యగారూ? నాలుగు రోజులు తోమకపోతే పచ్చగా పట్టేస్తుంది. లోపల కళాయి అరిగిందంటే పులుపు వండడానికే లేదు.”

“మీ దాంట్లో పులుపు వండి చూపించండి! నల్లబడి చావదూ? గరిటె తగిలితే సొట్ట!”

“అయితేనేం, తేలిక! రాగి బరువులో మూడో వంతు కూడా ఉండదు. రోజంతా ఎక్కించి దించేది ఈవిడ నడుము, మీది కాదు. అసలు విమానాలు దీంతో ఎందుకు చేస్తారు? రాగితో చేస్తే నేల వదిలేవా?”

“ఆ విమానం లోపల తీగలు దేంతో చేస్తారో చెప్పమనండి అల్లుడుగారిని!”

“వీధుల మీదుగా పోయే పెద్ద కరెంటు తీగలు దేంతో చేస్తారో చెప్పమనండి మామయ్యగారిని!”

ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లు చూపిస్తున్నారు. ఈ గోలకి కూరలు తరిగేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు కత్తులూ పీచులూ వదిలేసి వచ్చి చుట్టూ మూగారు. క్షణంలో వాళ్లూ రెండు జట్లయిపోయారు. వంటావిడకి కూడా హుషారొచ్చింది.

“మాటలెందుకు? పొయ్యి చెబుతుంది!” అంది.

కొత్త పొయ్యిలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. నున్నటి నల్లటి పలకలు, మంట వచ్చే దారే కనబడదు. నిన్ననే బిగించారు. వంటావిడ కూడా వాటి మీద ఇంకా వండలేదు.

“కరెంటువి. చిటికెలో కాగుతుందట. పనైపోతే కూత పెడుతుందని బిగించినాయన చెప్పాడు. ఎవరిది ముందు కూస్తే వాళ్లే గెలిచినట్టు!”

అమ్మాయి రెండు గిన్నెల్లోనూ లీటరు చొప్పున కొలిచి పోసింది. గెలిస్తే నాన్న గెలవాలా, మొగుడు గెలవాలా అన్నది ఆవిడకే తెలియడం లేదు. మామకు నలభై ఏళ్ల సుత్తి కళ్ల ముందు మెదిలింది. ఓడితే ఈ వయసులో అల్లుడి దగ్గర కూలీ. అల్లుడి పరిస్థితీ అంతే. ఇప్పటిదాకా ఎగిరిన ఇద్దరికీ ఆ క్షణంలో నిజంగానే భయం వేసింది.

వంటావిడ రెండు చూపుడువేళ్లతో రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కింది.

“ఒకటి!” అని అరిచారందరూ. “రెండు! మూడు!”

కీక్! కీక్! కీక్!

“నాదే! నాదే ముందు కూసింది!” మామ గాల్లోకి ఎగిరాడు. “మూడు లెక్కపెట్టేలోగా మరిగించింది! అదీ రాగి దెబ్బ!”

“మీ చెవులకి వినబడింది నా పొయ్యి మోత మామయ్యగారూ! మీది తర్వాత కూసింది!” అల్లుడు వంటావిడ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేశాడు.

“రాగే!” అంది ఒక జట్టు. “అల్యూమినియమే!” అంది ఇంకో జట్టు. పళ్లాలు మోగించేవాళ్లు మోగిస్తున్నారు, ఈలలు వేసేవాళ్లు వేస్తున్నారు. పొయ్యిలు రెండూ వాటి మానాన అవి కూస్తూనే ఉన్నాయి.

అమ్మాయి ఒక్కతే గిన్నెల దగ్గరికి వెళ్లింది. ఆవిరి కనబడలేదు. ముందు ఒక దాంట్లో, తర్వాత రెండో దాంట్లో వేలు ముంచింది.

“నాన్నా, చల్లగా ఉన్నాయి.”

“ఎవరివమ్మా? అల్లుడుగారివేనా?”

“ఇద్దరివీ.”

ఈలలు ఆగిపోయాయి. ఆ కూతలు విని, పొయ్యిలు బిగించినాయన పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. గిన్నెలు చూసి తల పట్టుకున్నాడు.

“మరిగాయని కాదండీ ఈ మోత! అడుగున ఇనుముంటేనే ఈ పొయ్యి వేడెక్కిస్తుంది. రాగీ, అల్యూమినియమూ దాని కంటికి ఆనవు. ‘మీద గిన్నె లేదు, ముందు ఏదైనా గిన్నె పెట్టండి’ అని మొత్తుకుంటోంది!”