పక్కన ఎవరూ లేరు

“కాసేపు బయట కూర్చుంటారా పెద్దమ్మగారూ? మీ కోడలితో ఒంటరిగా మాట్లాడాలి.”

“నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావా?” అత్తగారు కోడలి పక్కకి ఇంకాస్త జరిగి కూర్చుంది.

సర్వే అమ్మాయి పళ్లు బిగించింది. ఇళ్లలో ఆడవాళ్లు పడే హింస మీద సర్వే అది. పక్కన ఎవరూ లేనప్పుడే అడగాలన్నది మొదటి నియమం.

ఈ ఇంటికి రావడం రెండోసారి. రెండుసార్లూ ఇదే తంతు.

“ఇంతకీ ఏం అడుగుతావు?”

“ఆరోగ్యం గురించండీ.”

“దానికి ఏ రోగమూ లేదు. నా కొడుకు పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు. రాసుకో!”

కోడలు తల దించుకుంది. మణికట్టు దగ్గర నల్లగా కమిలి ఉంది.

గేటు దాకా వచ్చి మాత్రం గొణిగింది. “శుక్రవారం అత్తయ్య కళ్ల ఆసుపత్రికి వెళ్తారు. ఆయన ఎలాగూ పనిలో ఉంటారు.”

శుక్రవారం తలుపు గడియ పెట్టుకుని ఇద్దరే కూర్చున్నారు.

కోడలు మొదట నీళ్లు నమిలింది. తర్వాత కట్ట తెగినట్టు ఏడేళ్ల కాపురమంతా చెప్పేసింది.

“ఇవి నా నోటి నుంచి బయటికి పోవక్కా,” అని సర్వే అమ్మాయి ఆమె చేయి నొక్కింది. ‘పక్కన ఎవరూ లేరు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

సోమవారం అదే వీధిలో ఇంకో ఇంటికి వెళ్తే తెలిసింది.

“ఆ పిల్లా? ఆసుపత్రిలో ఉందిగా! శుక్రవారం మొగుడు దవడ విరగ్గొట్టాడు.”

సర్వే అమ్మాయి ఆసుపత్రికి పరుగెత్తింది.

కోడలి ముఖమంతా కట్లే. కళ్లు మూతలు పడి ఉన్నాయి. అత్తగారు ఆమె పాదాలు ఒత్తుతోంది.

సర్వే అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. “ఎలాగో పసిగట్టి మీ అబ్బాయికి చెప్పేశారు కదూ? ఇప్పుడు కడుపు నిండిందా?”

“వాణ్ని పోలీసులకి పట్టించే ఇక్కడికొచ్చాను. ఫిర్యాదు నాదే.”

సర్వే అమ్మాయి మంచం అంచున కూర్చుంది.

“మరి... నన్నెందుకు అడగనివ్వలేదు?”

అత్తగారు తలెత్తలేదు.

“మీ సర్వేవాళ్లు మా వీధిలో తిరగడం మొదలైనప్పటి నుంచీ వాడు పనికని బయల్దేరుతున్నాడే గానీ పోవడం లేదమ్మా. దీనికి తెలిస్తే భయంతోనే చస్తుందని చెప్పలేదు. నువ్వొచ్చినప్పుడల్లా వాడు వెనక కిటికీ కింద నక్కి వింటున్నాడు.”