పన్నెండో ప్రశ్న

“సార్, సర్వేకి వచ్చాను.”

గుమ్మంలో నిలబడిన పెద్దావిడను చూడగానే పక్షుల ప్రొఫెసర్‌కి ఒళ్లు మండింది.

పరిశోధకులు ఎలా పైకొచ్చారు, ఎలా పనిచేస్తారు అని ఆరా తీసే సర్వే అది. మూడుసార్లు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాడు. ఇవాళే ఆఖరి రోజు. జవాబివ్వని వాళ్ల పేర్లు నోటీసు బోర్డుకెక్కుతాయని పైవాళ్లు ముందే హెచ్చరించారు.

“పది నిమిషాలు. అంతకుమించి కుదరదు,” అన్నాడు గడియారం చూస్తూ.

నాలుగు కావొస్తోంది. ఐదు దాటితే ఆయన పరువు బజారున పడుతుంది.

ఆయనకి పేరు తెచ్చింది ఒకే ఒక్క వ్యాసం. చిత్తడి నేలకు వలస వచ్చే పక్షుల మీద తొమ్మిదేళ్ల లెక్కలు. ఈ ఉద్యోగం, ఈ కుర్చీ, గోడ నిండా ఫలకాలు, అన్నీ దాని చలవే.

ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికో ఆ లెక్కల మీద అనుమానం వచ్చింది. ఆ వ్యాసం వేసిన పత్రిక వాళ్లు ఉత్తరం రాశారు. అసలు నోటుపుస్తకాలు చూపండి, లేదా లెక్కపెట్టిన మనిషి చేత సంతకం పెట్టించి పంపండి, ఇవాళ సాయంత్రం ఐదులోగా రెండిట్లో ఏదీ రాకపోతే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటాం అని.

పరుగున వెళ్లి స్టోర్‌రూములో బీరువా తెరిస్తే పుస్తకాలు లేవు, చెదల మట్టి ఉంది. ప్రొఫెసర్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

పోనీ లెక్కపెట్టిన మనిషి?

ఆ లెక్కలు గురువుగారు ఎవరినో రోజుకూలీకి పెట్టి రాయించినవి. గురువుగారు పోయి చాలా కాలమైంది. ఆ కూలీ పేరేమిటో కనుక్కోవాలని ఇరవై ఏళ్లలో ఈయనకి ఒక్కసారి కూడా తోచలేదు. ఈ వారం రోజులుగా మాత్రం కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆవిడ ఫారం విప్పింది.

“ఎన్నేళ్లుగా పరిశోధన చేస్తున్నారు సార్?”

“ముప్ఫై.”

“రోజుకి ఎన్ని గంటలు చదువుతారు?”

“వీలైనన్ని.”

“అంకె కావాలి సార్. ఈ గడిలో ‘వీలైనన్ని’ పట్టదు.”

“ఆరు వేసుకోండి.”

ఏడాదిగా ఆయన శ్రద్ధగా చదివింది సర్క్యులర్లు మాత్రమే. అది ఫారం అడగలేదు.

“మీకు బాగా పేరు తెచ్చిన పని?”

“చిత్తడి నేల పక్షులు. తొమ్మిదేళ్లపాటు మేం తెల్లారకముందే మోకాలి లోతు బురదలో దిగి ఒక్కో పక్షినీ లెక్కపెట్టాం.”

సభల్లో చెప్పీ చెప్పీ ఆ ముక్క ఆయనకి నోటికొచ్చేసింది.

ఆవిడ తలెత్తి చూసింది.

“మేం అంటే ఎవరెవరు సార్?”

“మేం అంటే నేనే. వ్యాసాల్లో అలాగే రాస్తాం. అదో మర్యాద.”

ఇంతలో ఫోను మోగింది. ఆయన శిష్యురాలు.

“దొరికాడా?” అన్నాడు ఆత్రంగా.

“లేదు సార్. పాత గుమస్తాగారి ఇంటికి కూడా వెళ్లొచ్చాను. ఎవరో కూలీ ఉండేవారన్నదాకా గుర్తుందట, పేరు గుర్తులేదట.”

“ఇంకా వెతుకమ్మా. దొరక్కపోతే నా కొంప మునుగుతుంది!”

ఫోను పెట్టేశాక ఆవిడ జాలిగా అడిగింది. “ఎవరన్నా తప్పిపోయారా సార్?”

“మీకు సంబంధం లేని విషయం. మీ ప్రశ్నలేవో మీరు అడగండి.”

ఆవిడ గబగబా అడుగుతూ పోయింది. ఆయన గడియారం చూస్తూనే జవాబులు చెప్పాడు.

“పన్నెండో ప్రశ్న. ఇతరుల శ్రమ వాడుకుని, వ్యాసంలో వాళ్ల పేరు చెప్పకుండా వదిలేసిన సందర్భం ఉందా?”

ఉందంటే ఏమవుతుందో? అసలే రోజు బాగాలేదు.

“లేదు.”

“మీ జవాబులు బయటికి పోవు సార్. నిదానంగా గుర్తు తెచ్చుకోండి.”

“ఎవరూ లేరండీ! రాసుకోండి. ఎవరూ లేరు.”

ఆవిడ ఆ ప్రశ్న మీద వేలు పెట్టి ఇంకోసారి చదువుకుంది. తర్వాత ఆ మాటే రాసింది.

“మిగతావి అక్కర్లేదు సార్. సంతకం పెట్టండి.”

బతికానురా దేవుడా అనుకుంటూ ఆయన సంతకం గీకేశాడు. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. మెట్లెక్కి వచ్చిన పెద్దావిడకి గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వాలని కూడా ఆయనకి తట్టలేదు.

ఐదుకి పది నిమిషాలుందనగా మళ్లీ ఫోను. సర్వే ఆఫీసు నుంచి అధికారి.

“సార్, మీ ఫారం రద్దు చేస్తున్నాం.”

“రద్దా? ఎందుకు?”

“మా నియమం సార్. అడిగేవాళ్లకీ చెప్పేవాళ్లకీ పని విషయంలో ఏ సంబంధమూ ఉండకూడదు. మధ్యలో తెలిసినా అక్కడితో ఆపేయాలి. ఆవిడ ఆపేసి వచ్చింది.”

ప్రొఫెసర్ నిర్ఘాంతపోయాడు.

“నాకూ ఆవిడకీ సంబంధమేంటండీ? ఇవాళే మొదటిసారి చూశాను!”

“ఆవిడా అదే రాసింది సార్, ఇవాళే చూశానని.”

“ఒకసారి ఆవిడకి ఫోనివ్వండి.”

“ఎక్కడ సార్! మీదే ఆవిడ ఆఖరి ఫారం. తాత్కాలికంగా తీసుకున్నాం. మేమిచ్చిన కార్డూ ఫోనూ అప్పజెప్పేసి బస్సెక్కేసింది. మీకు రేపు వేరేవాళ్లని పంపుతాం.”

ప్రొఫెసర్ రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

“ఇంతకీ ఏం సంబంధమని రాసింది?”

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

“చదువుతున్నాను సార్. ‘పన్నెండో ప్రశ్న దాకా నేను వెళ్లాల్సింది కాదు, తప్పు నాదే, ఆ తొమ్మిదేళ్లూ ఆ పక్షుల్ని లెక్కపెట్టింది నేను, ఆ పుస్తకాల నకళ్లు ఇప్పటికీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి.’”