ట్రైలర్ మీది బరువు

నదిని శుభ్రం చేసే బృందానికి పడవలు మోసే బండి నడిపేది ఆయనే. భార్య పోయాక ఆదివారాలు గడవక అందులో చేరాడు. ఆ సాయంత్రం చెత్త లారీ వెళ్లిపోయింది, మిగతావాళ్లూ ఇళ్లకు చేరారు. చివరి పడవను బండి వెనక ట్రైలర్ మీదికి ఎక్కించేసరికి బాగా చీకటి పడింది.

ఖాళీ పడవే. అయినా ట్రైలర్ టైర్లు సగానికి అణిగిపోయాయి. టార్చి వేసి చూస్తే రెండు తెడ్లు తప్ప ఏమీ లేవు.

బృందాన్ని నడిపే నర్సమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, అందరూ వచ్చేశారా?"

"ఎప్పుడో వచ్చేశాం బాబాయ్. నువ్వొక్కడివే మిగిలావు. పడవ మీ ఇంటి దగ్గరే పెట్టుకో, పొద్దున చూద్దాం."

దారిలో గుంత వచ్చినప్పుడల్లా, వెనక ఎవరో కూర్చున్నట్టు, మెల్లగా తప్పించాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

ఇంటి ముందు ఇంజను ఆపాడు. వీధిలో అలికిడి లేదు. వెనక స్ప్రింగులు మూలిగి, ట్రైలర్ నెమ్మదిగా పైకి లేచింది. సిమెంటు మెట్ల మీద తడి అడుగులు ఒక్కొక్కటే పడుతూ గుమ్మం దాకా వెళ్లి ఆగాయి.

ఆయన చాలాసేపు స్టీరింగు వదల్లేదు. ఆ గుమ్మం ముందు ఎవరైనా నిలబడి ఏడాది దాటింది. చివరికి బండి దిగి, జేబు తడుముకున్నాడు.

"ఆగండి. తాళంచెవి నా దగ్గరుంది."